పదమూడేళ్ల బాబుకు పిట్యూటరీ కణితి: ముక్కు ద్వారా ఆపరేషన్ గురించి సలహా కావాలి

ప్రశ్న: ఖమ్మం నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మా బాబుకు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. రెండేళ్లుగా బరువు పెరుగుతూ వస్తున్నాడు గానీ ఎత్తు పెరగడం దాదాపు ఆగిపోయింది. ఐదో తరగతిలో ప్రార్థన వరుసలో మధ్యలో నిలబడేవాడు, ఇప్పుడు తన క్లాసులో అందరికన్నా ముందు నిలబడుతున్నాడు. ముఖం గుండ్రంగా, ఎర్రగా తయారైంది. పొట్ట మీద, తొడల మీద ఊదా రంగు చారలు వచ్చాయి. మొదట చూపించిన చోట తిండి తగ్గించమన్నారు. ఎంత తగ్గించినా ఫలితం లేకపోగా, ఒకసారి తలనొప్పి వచ్చి బీపీ చూపిస్తే పెద్దవాళ్లకు ఉన్నంత ఉంది.

అక్కడి నుంచి హైదరాబాదులో హార్మోన్ల డాక్టరు గారి దగ్గరకు వెళ్లాము. పరీక్షలన్నీ చేసి కార్టిసాల్ (శరీరం తానే తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్) చాలా ఎక్కువగా ఉందని, దాన్ని తయారుచేయమని అడ్రినల్ గ్రంథులకు పిట్యూటరీ పంపే ఏ.సీ.టీ.హెచ్. అనే హార్మోన్ కూడా ఎక్కువగా ఉందని, ఇది కుషింగ్ జబ్బు అని చెప్పారు. ఎం.ఆర్.ఐ.లో పిట్యూటరీ గ్రంథి ఎడమ వైపున 4 మిల్లీమీటర్ల కణితి ఉన్నట్టు రాశారు. ముక్కులోంచి ఆపరేషన్ చేసి తీసేయాలంటున్నారు.

మా బంధువుల అమ్మాయికి కూడా పిట్యూటరీ కణితే ఉంది. ఆమెకు ఆపరేషన్ లేకుండా వారానికి రెండుసార్లు మాత్ర ఇస్తే సంవత్సరంలోనే కణితి చిన్నదైపోయింది. మా వాడికి అలా మందులతో ఎందుకు కుదరదు? ఇంత చిన్న వయసులో ముక్కులోంచి మెదడు దగ్గరకు వెళ్లడం క్షేమమేనా? ఆపరేషన్ తర్వాత ఎత్తు పెరుగుతాడా, యుక్తవయసు సరిగా వస్తుందా? ఎలాంటి ఆసుపత్రిని ఎంచుకోవాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1: పిల్లల హార్మోన్ల వైద్యుడు

నమస్కారమండీ. మీ మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చాలా కుటుంబాలు విలువైన నెలలు పోగొట్టుకునేది అక్కడే. పిట్యూటరీ కణితి అని ఒకే పేరుతో పిలుస్తున్నా, అది ఏ హార్మోన్‌ను తయారుచేస్తుందన్న దాన్ని బట్టి చికిత్స పూర్తిగా మారిపోతుంది. మీ బంధువుల అమ్మాయికి ఉన్నది, మీరు చెప్పిన మాత్రను బట్టి, పాలు ఊరించే ప్రొలాక్టిన్ హార్మోన్‌ను తయారుచేసే కణితి అయి ఉండాలి. పిల్లల్లో, కౌమారంలో వచ్చే పిట్యూటరీ కణితుల్లో ఎక్కువ భాగం అదే. దానికి కాబెర్గోలిన్ అనే మందు మొదటి చికిత్స. మందుకు లొంగకపోయినా, మందు పడకపోయినా, కణితిలో రక్తస్రావమై చూపు హఠాత్తుగా దెబ్బతిన్నా మాత్రమే సర్జన్ దగ్గరకు పంపుతాము. గ్రోత్ హార్మోన్ తయారుచేసి పిల్లలను విపరీతంగా పొడుగు పెంచే కణితికి సాధారణంగా ఆపరేషన్, మందులు రెండూ అవసరమవుతాయి.

మీ బాబుకు ఉన్న రకానికి మాత్రం ఆపరేషనే మొదటి చికిత్స. కార్టిసాల్‌ను తగ్గించే కీటోకొనజోల్ వంటి మందులు ఉన్న మాట నిజమే, కానీ అవి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లో కార్టిసాల్ ఉత్పత్తిని అణచగలవే తప్ప కణితిని తొలగించలేవు. పైగా కాలేయ పరీక్షలు తరచూ చేయిస్తూ ఉండాలి. బీపీ, షుగర్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడో, ఆపరేషన్ తేదీ దూరంగా ఉన్నప్పుడో మధ్యకాలానికి వాడతాము. ఇంకో సంవత్సరం చూద్దామని ఆగడానికి మీకు అవకాశం లేదు. అధిక కార్టిసాల్ వల్ల ఎముకలు బలహీనపడతాయి, అంటురోగాలు సులువుగా వస్తాయి, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది. ఎత్తు పెరగవలసిన సంవత్సరాలు తిరిగి రాకుండా గడిచిపోతాయి.

ఎత్తు విషయంలో ఒక మాట. అతిగా తిని లావెక్కిన పిల్లలు మామూలుగా తమ వయసువారికన్నా పొడుగ్గానే ఉంటారు. బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయిందంటే అది తిండి వల్ల వచ్చిన లావు కాదేమోనని వెంటనే అనుమానించాలి. ఇది చదువుతున్న తల్లిదండ్రులందరూ పిల్లల ఎత్తును ఏడాదికి రెండుసార్లయినా గోడ మీద గీత పెట్టి తేదీతో రాసుకోవాలని నా కోరిక. మీరు చెప్పిన ప్రార్థన వరుస వివరం నా దృష్టిలో సగం రోగనిర్ధారణ.

ఇక ఆపరేషన్‌కు ముందు రుజువు గట్టిగా ఉండాలి. మన ప్రాంతంలో పిల్లల్లో ఈ లక్షణాలకు అన్నిటికన్నా సాధారణ కారణం బయటినుంచి శరీరంలోకి చేరే స్టెరాయిడ్. ఉబ్బసానికో, ఒళ్లు నొప్పులకో పేరు లేని పొడులు ఇవ్వడం, గజ్జికి నెలల తరబడి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాయడం, ఆర్‌.ఎం.పీ. దగ్గర పదేపదే ఇంజెక్షన్ వేయించడం వంటివి ఇందులోకి వస్తాయి. అలాంటప్పుడు ఏ.సీ.టీ.హెచ్. అణగారి ఉంటుంది. మీ బాబుకు అది ఎక్కువగా ఉందంటున్నారు కాబట్టి ఆ కారణం తొలగిపోయినట్టే. అయినా ఒకసారి మీ డాక్టరు గారికి వాడిన మందులన్నీ చూపించండి. 24 గంటల మూత్రంలో కార్టిసాల్, అర్ధరాత్రి దగ్గర్లో తీసిన లాలాజలంలో కార్టిసాల్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి మర్నాడు ఉదయం చేసే రక్తపరీక్ష, ఈ మూడింటిలో కనీసం రెండు స్పష్టంగా తేడా చూపాలి.

4 మిల్లీమీటర్ల మచ్చ ఒక్కటే రుజువు కాదు. ఏ జబ్బూ లేనివారి ఎం.ఆర్.ఐ.లోనూ అంతటి చిన్న మచ్చలు కనిపిస్తుంటాయి. నిజంగా జబ్బు ఉన్న పిల్లల్లో ఎం.ఆర్.ఐ. ఏమీ చూపించకపోవడమూ ఉంది. అందువల్ల 6 మిల్లీమీటర్లలోపు కణితి అయితే, తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టాలు పంపి, పిట్యూటరీ నుంచి రక్తం దిగే పెట్రోసల్ సిరల్లో ఏ.సీ.టీ.హెచ్. ఎంత ఉందో, అదే సమయంలో చేతి రక్తంలో ఎంత ఉందో పోల్చి చూస్తారు. తల దగ్గరి విలువ చేతి విలువకు రెండింతలు, ప్రేరేపించే ఇంజెక్షన్ ఇచ్చాక మూడింతలు ఉంటే మూలం పిట్యూటరీయే. ఈ పరీక్షను అనుభవమున్న చోటే చేయించాలి. మీ బాబుకు చేశారా, చేయకపోతే ఎందుకు అవసరం లేదనుకున్నారు అని తప్పక అడగండి.

ఈ సందర్భంలోనే మరొకటి చెప్పకుండా ఉండలేను. థైరాయిడ్ తీవ్రంగా తగ్గి, ఏళ్ల తరబడి గుర్తించని పిల్లల్లో పిట్యూటరీ ఉబ్బి, ఎం.ఆర్.ఐ.లో అచ్చం పెద్ద కణితిలాగే కనిపిస్తుంది. ఆ పిల్లలూ లావుగా, పొట్టిగానే ఉంటారు. వారికి థైరాక్సిన్ మాత్రలు ఇస్తే నెలల్లో ఆ ఉబ్బు తగ్గిపోతుంది, ఆపరేషన్ అసలు అవసరం లేదు. టీ.ఎస్‌.హెచ్. అనే థైరాయిడ్ పరీక్ష చూడకుండా ఏ పిల్లవాడినీ పిట్యూటరీ ఆపరేషన్ బల్ల మీదికి పంపకూడదు. ఇది చౌకైన పరీక్ష, జిల్లా కేంద్రాలన్నిటిలో దొరుకుతుంది.

సమాధానం 2: న్యూరోసర్జన్

డాక్టరు గారు చెప్పినదంతా నాకూ సమ్మతమే. ఆపరేషన్ వరకు నేను వివరిస్తాను.

పిట్యూటరీ బఠాణీ గింజంత గ్రంథి. పుర్రె అడుగున ఒక ఎముక గుంటలో, సరిగ్గా ముక్కు వెనుక ఉంటుంది. దానికి పైన కంటి నరాలు కలుస్తాయి, రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు ఉంటాయి. ముక్కు వెనుక ఉన్న స్ఫీనాయిడ్ సైనస్ అనే గాలి గది దాటితే నేరుగా ఆ గుంట గోడ వస్తుంది కాబట్టి, మెదడును ముట్టుకోకుండా గ్రంథిని చేరడానికి ఇదే దగ్గరి దారి. 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ ఈ దారిలో మొదటిసారి కణితి తీశారు. 1960లలో మాంట్రియల్‌లో జూల్ హార్డీ మైక్రోస్కోపుతో చిన్న కణితులను మాత్రమే ఏరి, మంచి గ్రంథిని కాపాడే పద్ధతిని స్థిరపరిచారు. ఇప్పుడు ఎక్కువ చోట్ల ఎండోస్కోపుతో, అంటే సన్నని కెమెరా గొట్టంతో, చేస్తున్నాము. బ్రిటన్ నిపుణులు 19 ఏళ్లలోపు వారి కోసం 2024లో ప్రచురించిన మార్గదర్శకాలు కూడా ఎండోస్కోపు పద్ధతినే సూచించాయి.

పిల్లల్లో తేడా ఎక్కడంటే ఆ గాలి గదిలోనే. పుట్టినప్పుడు స్ఫీనాయిడ్ గట్టి ఎముకగా ఉంటుంది. మూడు నాలుగేళ్ల వయసు నుంచి ముందు నుంచి వెనక్కి మెల్లగా గాలి నిండుతూ, పదేళ్లు దాటాక చాలామందిలో పెద్దవారి ఆకారానికి దగ్గరపడుతుంది. నాలుగైదేళ్ల పిల్లవాడికి ఆపరేషన్ చేయాలంటే ఆ ఎముకను డ్రిల్లుతో తొలుచుకుంటూ, సీటీ, ఎం.ఆర్.ఐ. చిత్రాల ఆధారంగా దారి చూపే నావిగేషన్ యంత్రం సాయంతో వెళ్లాలి. ముక్కు రంధ్రాలు ఇరుకు, రెండు కెరోటిడ్‌ల మధ్య దూరమూ తక్కువ. మీ బాబుకు పదమూడేళ్లు కాబట్టి గాలి గది చాలావరకు ఏర్పడి ఉంటుంది, సీటీ స్కాన్‌లో ఆ సంగతి ముందే తెలిసిపోతుంది. వయసు వల్ల ఆపరేషన్ కుదరదనే భయం అక్కర్లేదు.

కుషింగ్ జబ్బులో కణితి చిన్నది కావడం వల్ల పని తేలికని అనుకుంటారు. అసలు కష్టం దాన్ని వెతకడంలోనే ఉంది. మిల్లీమీటరు మందంలో గ్రంథిని పరీక్షిస్తూ, కణితి చుట్టూ ఏర్పడే పొర దొరికితే ఆ పొరతో సహా ఒలిచి తీయడానికి ప్రయత్నిస్తాము. కణితి కనిపించకపోతే ఏం చేయాలనేది, అంటే ఎంత గ్రంథిని తీయవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది ఆపరేషన్‌కు ముందే మీతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఎక్కువ తీస్తే జబ్బు పోయే అవకాశం పెరుగుతుంది, కానీ ఎదిగే పిల్లవాడికి థైరాయిడ్, గ్రోత్ హార్మోన్, యుక్తవయసు హార్మోన్లు జీవితాంతం బయటినుంచి ఇవ్వవలసి రావచ్చు. తండ్రిగా ఈ సంభాషణలో మీరు కూర్చోవాలి. సంతకం పెట్టే కాగితంతోనే దాన్ని ముగించకండి.

అనుభవమున్న కేంద్రాల్లో పది మంది పిల్లల్లో ఏడెనిమిది మందికి, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువ మందికి, మొదటి ఆపరేషన్‌తోనే జబ్బు అదుపులోకి వస్తుంది. మిగిలినవారికి రెండో ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ వంటి మార్గాలు ఉన్నాయి.

ప్రమాదాల సంగతి దాచను. కెరోటిడ్‌కు గాయం కావడం చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. మెదడు చుట్టూ ఉండే ద్రవం ముక్కులోంచి కారడం కొంతమందిలో జరుగుతుంది, అలాగే వదిలేస్తే మెనింజైటిస్ (మెదడు పొరలకు ఇన్ఫెక్షన్) రావచ్చు. ఇంటికి వచ్చాక బాబు ముందుకు వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలా పలచటి ద్రవం చుక్కలుగా పడినా, గొంతులోకి ఉప్పగా దిగుతోందన్నా, జలుబని ఇంట్లో ఉండిపోకండి. చాలాచోట్ల జాగ్రత్త తప్పేది మరొక విషయంలో, అది శరీరంలో నీటి లెక్క. మొదటి రెండు మూడు రోజుల్లో మూత్రం విపరీతంగా పోవచ్చు. ఆ తర్వాత అంతా సర్దుకుందనిపించి ఇంటికి పంపాక, సుమారు ఐదో రోజు నుంచి పదో రోజు మధ్యలో దీనికి విరుద్ధంగా శరీరం నీటిని పట్టి ఉంచి, రక్తంలో సోడియం పడిపోవచ్చు. తలనొప్పి, వాంతులు, మత్తు, చివరికి మూర్ఛ. అందుకే ఇంటికి వెళ్లిన తర్వాత వారం దాటే సమయంలో ఒకసారి సోడియం పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. ఖమ్మంలోనే చేయించి రిపోర్టును వాట్సాప్‌లో పంపినా చాలు.

ఆసుపత్రి ఎంపిక గురించి: భవనం కన్నా సంవత్సరానికి ఎన్ని పిట్యూటరీ ఆపరేషన్లు చేస్తారో, వాటిలో కుషింగ్ ఎన్నో, పిల్లలవి ఎన్నో సర్జన్‌ను సూటిగా అడగండి. అలా అడిగితే మంచి సర్జన్ ఎవరూ నొచ్చుకోరు. పెద్దల పిట్యూటరీ ఆపరేషన్లు వందలు చేసిన చేయి, పక్కనే పిల్లల హార్మోన్ల వైద్యుడు, పిల్లలకు మత్తు ఇచ్చే వైద్యుడు, పిల్లల ఐ.సీ.యూ., ఇవన్నీ ఒకే చోట ఉండాలి. హైదరాబాదులోని నిమ్స్, వేలూరు సీ.ఎం.సీ., చండీగఢ్ పీ.జీ.ఐ., ఢిల్లీ ఎయిమ్స్, ముంబయి కె.ఇ.ఎం. వంటి పెద్ద సంస్థల్లో హార్మోన్ల విభాగం, న్యూరోసర్జరీ విభాగం రెండూ ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. ఈ ఆపరేషన్‌కు, తర్వాతి మందులకు ఎంతవరకు వర్తిస్తుందో చేరే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి. తక్కువపడితే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్.ఓ.సీ. (ఆసుపత్రికి ఖర్చు చెల్లిస్తామనే హామీ పత్రం) కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ప్రశ్న అడిగిన తండ్రి

ఇద్దరు డాక్టరు గార్లకూ కృతజ్ఞతలు. పెట్రోసల్ సిరల పరీక్ష మాకు చేయలేదు, రేపు ఫోన్ చేసి అడుగుతాను. మరొక సందేహం. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వేసుకోవాలట. స్టెరాయిడ్ ఎక్కువై వచ్చిన జబ్బుకు మళ్లీ స్టెరాయిడ్ ఏమిటని మా అమ్మ ఒప్పుకోవడం లేదు. నాకూ సమాధానం తెలియలేదు.

సమాధానం 3: ఆపరేషన్ అయిన పాప తల్లి

అన్నగారూ, మా పాపది మీ బాబు జబ్బు కాదు. దానిది క్రేనియోఫేరింజియోమా అనే కణితి, పిట్యూటరీ కాడ దగ్గర పెరిగి కంటి నరాన్ని నొక్కేసింది. పిల్లలు చూపు తగ్గిందని తమంతట తాము చెప్పరు. మా పాప మెట్లు దిగేటప్పుడు పక్కనున్న వాళ్లను గుద్దుకుంటుంటే అల్లరి అనుకున్నాము. పరీక్షిస్తే రెండు పక్కలా చూపు పోయి ఉంది. మా సర్జన్ కణితినంతా లాగెయ్యకుండా, ఆకలిని, నిద్రను నడిపే హైపోథాలమస్‌కు అంటుకున్న ముక్కను వదిలి, దానికి తర్వాత రేడియేషన్ ఇప్పించారు. అప్పుడు ఎందుకు వదిలేశారని బాధపడ్డాను. ఆ భాగం దెబ్బతిన్న పిల్లలు ఎంత తిన్నా ఆకలి తీరక అవస్థపడటం వార్డులో చూశాక ఆయన ఎంత ఆలోచించి ఆగారో అర్థమైంది.

మందుల భయం మీ అమ్మగారికి ఉండడం సహజం. మా అత్తగారూ అంతే. నేను చెప్పగలిగేది రోజువారీ పద్ధతి. మా పాపకు కార్టిసాల్ బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్, థైరాక్సిన్, నీటి లెక్కకు డెస్మోప్రెసిన్, ఇవన్నీ నడుస్తున్నాయి. ఒక నోటు పుస్తకంలో మాత్ర వేసిన వేళ, తాగిన నీళ్లు, పోసిన మూత్రం రాసేదాన్ని. ఇప్పుడు పాపే రాసుకుంటుంది. డెస్మోప్రెసిన్ తర్వాతి మాత్ర వేసే ముందు ఒకసారి మూత్రం ధారాళంగా వచ్చిందా అని చూడమని మా డాక్టరమ్మ నేర్పారు. అలా రాకుండానే మాత్ర మీద మాత్ర వేస్తే ఒంట్లో నీరు నిలిచిపోతుంది. మీ బాబుకు ఈ మందు కొద్ది రోజులే అవసరపడవచ్చు, అసలు పడకపోనూవచ్చు. కానీ హైడ్రోకార్టిసోన్ విషయంలో మీరూ మాలాగే ఉండాలి. ఊరికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా మాత్రలు రెండు చోట్ల పెట్టుకోండి, ఒకటి మీ సంచిలో, ఒకటి బాబు అమ్మ సంచిలో. బడిలో క్లాసు టీచరుకు డాక్టరు రాసిచ్చిన ఉత్తరం ఇవ్వండి. వాంతి చేసుకుంటే ఇంటికి పంపడమే కాక వెంటనే మీకు ఫోన్ చేయాలని అందులో ఉండాలి.

ఇంకొకటి. బాబుతో విడిగా కూర్చుని మాట్లాడండి. ఆ వయసులో ముఖం మారిపోయిన పిల్లవాడు బడిలో ఎన్ని మాటలు పడి ఉంటాడో మనకు చెప్పడు. లావు తన తప్పు కాదని, జబ్బు చేయించిందని డాక్టరు నోటితోనే వాడికి చెప్పించండి.

సమాధానం 4: పిల్లల హార్మోన్ల వైద్యుడు

మీ అమ్మగారి ప్రశ్న చాలా సరైనది, ఆమెకు ఇలా వివరించండి. కణితి ఏళ్ల తరబడి అతిగా ఆజ్ఞలు ఇవ్వడంతో, పిట్యూటరీలోని మంచి కణాలు తమ పని మానేసి నిద్రపోయి ఉంటాయి. కణితి తీసేసిన మర్నాటికి శరీరంలో కార్టిసాల్ దాదాపు ఉండదు. ఆపరేషన్ తర్వాతి రోజుల్లో ఉదయపు కార్టిసాల్ డెసీలీటరుకు 2 మైక్రోగ్రాములకన్నా తక్కువకు పడిపోతే మేము సంతోషిస్తాము, కణితి పూర్తిగా పోయిందనడానికి అదే మంచి గుర్తు. కానీ బాబుకు అప్పుడే ఎక్కువ కష్టంగా ఉంటుంది. నీరసం, కీళ్ల నొప్పులు, వికారం, చర్మం పొట్టులా రాలడం, దిగులు. ఆపరేషన్ వికటించిందని కుటుంబాలు కంగారుపడేది ఈ వారాల్లోనే.

మనం ఇచ్చే హైడ్రోకార్టిసోన్ ఆరోగ్యవంతుడైన పిల్లవాడి శరీరం రోజూ తయారుచేసుకునేంత మోతాదే, శరీర వైశాల్యాన్ని బట్టి లెక్కగట్టి రెండు మూడు వేళలకు పంచుతాము. ఆ మోతాదులో పాత జబ్బు తిరిగి రాదు. నిద్రపోయిన కణాలు మేల్కొనడానికి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఉదయం మాత్ర వేయకముందు చేసే రక్తపరీక్షను, అవసరమైతే ప్రేరేపించే ఇంజెక్షన్ పరీక్షను చూసి మెల్లగా ఆపుతాము. ఎవరో చెప్పారని మధ్యలో ఆపేస్తే ప్రాణాపాయం. జ్వరం వస్తే మోతాదును రెండింతలు, మూడింతలు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ తొడ కండరానికి వేయాలి, మీ బాబు వయసుకు సాధారణంగా 100 మిల్లీగ్రాములు. ఆ సీసా ఇంట్లో ఉంచుకుని, ఎక్కించడం మీ దంపతులిద్దరూ నేర్చుకుని డిశ్చార్జి కావాలి. ఇంజెక్షన్ వేశాక కూడా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎత్తు గురించి అడిగారు. కార్టిసాల్ తగ్గాక పెరుగుదల మళ్లీ మొదలవుతుంది, కానీ కొందరిలో గ్రోత్ హార్మోన్ లోటు మిగిలిపోతుంది. ఆపరేషన్ తర్వాత మూడు నెలలకు ఆ పరీక్ష చేసి, లోటు ఉంటే ఎముకల చివరలు మూసుకోకముందే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి, అందుకే ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు ఇప్పుడే చూపించుకోండి. యుక్తవయసు లక్షణాలను ప్రతి ఆరు నెలలకు పరీక్షిస్తారు. జబ్బు ఏళ్ల తర్వాత తిరిగి రావచ్చు కాబట్టి, స్టెరాయిడ్ ఆపిన తర్వాత కూడా ఏడాదికోసారి రాత్రి లాలాజల కార్టిసాల్ పరీక్ష చేయించాలి. వచ్చేటప్పుడు బడి రికార్డుల్లో గానీ, పాత టీకా కార్డులో గానీ ఉన్న ఎత్తు, బరువు లెక్కలన్నీ తీసుకురండి. పెరుగుదల గీత ఎక్కడ వంగిందో వాటిలో కనిపిస్తే జబ్బు ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది.